నల్లగుండం అడ్డ

పెద్దపల్లి స్టేషన్‌లో రైలు దిగేసరికే కైలాసానికి వెనక్కి పోవాలనిపించింది. ఇంకా కరీంనగర్ బస్సు ఎక్కాలి, ఆ ఊళ్లో హాలు వెతుక్కోవాలి, పెద్దమనుషుల మధ్య సర్దుకుని కూర్చోవాలి, పిలిచినప్పుడు లేచి మాట్లాడాలి. తలుచుకుంటేనే ఒళ్లు నొప్పులు పుట్టాయి. మనిషికి నలభై అయిదు దాటి ఎంతో కాలం కాలేదు. అయినా ఈమధ్య ఏ పని ముందు నిలబడ్డా అప్పటికే సగం చేసి అలసిపోయినట్టు నిలబడుతున్నాడు.

పక్కన సర్పంచి రామేశ్వర్‌రావు దొర మాత్రం హుషారుగా ఉన్నాడు. తెల్లటి ధోవతి, ఇస్త్రీ కోటు, చేతికర్ర. మంచిర్యాలలో రైలెక్కింది మొదలు గుర్రుపెట్టి నిద్రపోయాడు గనక ముఖం తేటగా ఉంది.

"కైలాసం, యాదికున్నదా? బస్సు ముచ్చట మర్వకు," అన్నాడు. ఊళ్లో బయల్దేరినప్పటి నుంచీ అదే మాట.

"మర్వ దొరా," అన్నాడు కైలాసం.

అది శుద్ధ అబద్ధం. బస్సు మాట నోటెంట రానీయగూడదని గట్టిగా అనుకునే అతడు ఇల్లు కదిలాడు.

చెన్నూరు దాటి అడవిలోకి పోతే నల్లగుండం వస్తుంది. కొండ మీదినుంచి వాగు ఒక్కసారిగా కిందికి పడుతుంది. ఆ వైపు వాళ్లు దాన్ని మరాఠీ మాటతో ధబ్‌ధబ అంటారు. నీళ్లు పడే చోట లోతైన గుండం, దాని పక్కన నిజాం కాలంలో వేటకొచ్చే గొప్పవాళ్ల కోసం కట్టిన చిన్న బంగ్లా. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు కైలాసం ఆ బంగ్లాకు చౌకీదారుగా చేరాడు. పుట్టింది పద్మశాలీల ఇంట్లో. మగ్గం మీద వంగిన నడుముకు బువ్వ దొరకని రోజులొచ్చేసరికి, దొరికిన నౌకరీ వదలొద్దని భార్య బాలలక్ష్మి పట్టుబట్టింది. అప్పట్లో ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు వచ్చేవారు. బాలలక్ష్మి జొన్నరొట్టెలు కాల్చిపెట్టేది, కైలాసం నీళ్లు చూపించేవాడు, వాళ్లు ఆహా ఓహో అని వెళ్లిపోయేవారు. అంతకన్నా నిమ్మళమైన నౌకరీ ఉండదనుకున్నారు మొగుడూ పెళ్లాలు.

తర్వాత జనం మరిగారు. శివరాత్రికి మునగడానికి వచ్చేవాళ్లు, బొగ్గుబాయిల్లో పనిచేసి సెలవునాడు దోస్తులతో వచ్చేవాళ్లు, కొత్తగా పెళ్లయిన జంటలు. గుండం ఒడ్డున బండ మెట్లు మెట్లుగా దిగుతుంది. ఎవరో కావాలని చెక్కినట్టే ఉంటుంది. మొదటి రెండు మెట్లూ మంచివే. మూడోదాని మీద పాచి. ఆ తర్వాత మెట్టే లేదు, అంతా లోతే. ఈ సంగతి కైలాసం వచ్చిన ప్రతివాళ్లకూ గొంతు పోయేలా చెబుతాడు. వినేవాళ్లు వింటారు. విననివాళ్లను వెతకడానికి కైలాసమే దిగాలి. పైకి తెచ్చి బండ మీద పడుకోబెట్టాక, ఒడ్డున విడిచిన చెప్పులు ఏరుకొచ్చి పక్కన పెట్టాలి. అన్నిటికన్నా ఆ పని అతనికి కష్టం. పొద్దున వేసుకుని నవ్వుకుంటూ నడిచొచ్చిన చెప్పులవి. బాలలక్ష్మి తన పెట్టెలోంచి పాత చీర తెచ్చి కప్పుతుంది. ఇప్పుడా పెట్టెలో కట్టుకునే చీరలు తప్ప పాతవి మిగల్లేదు.

పోయిన వానాకాలంలో నస్పూర్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ల చిన్నపిల్ల కాళ్లు కడుక్కుంటానని దిగింది. కైలాసం పిల్లను తెచ్చి తల్లి ముందు పడుకోబెట్టినప్పుడు ఆమె ఏడవలేదు. అతని అంగీ గుంజి పట్టుకుని, "నువ్వు గీడ ఏం కావలున్నవురా?" అని అడిగింది. అంతే అడిగింది. ఆ రోజు నుంచి అతనికి తిన్న బువ్వ రుచి తెలియడం లేదు.

గుండం ఒడ్డున ఇనుప కంచె వేస్తే ఈ గోస తప్పుతుంది. ఒక ఆఫీసుకు పోయి అడిగితే అది తమ పని కాదని ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడికి పోతే మొదటి ఆఫీసుకే పొమ్మన్నారు. తిరిగి తిరిగి చెప్పులరిగాయి. అలాంటి సమయంలో కరీంనగర్లో సదస్సు అని కబురొచ్చింది. చూడదగ్గ స్థలాలను నడిపేవాళ్లందరూ వస్తారట, ఎవరికి ఏం కావాలో అడగమంటారట, అక్కడికక్కడే తీర్మానాలు చేస్తారట. స్థలానికి దాన్ని చూసుకునే మనిషి ఒక్కరే మాట్లాడాలి, ఒక్కటే అడగాలి అన్నారు. శివరాత్రి నెలరోజుల్లో ఉంది. బస్సు అడిగితే బస్సొస్తుంది, బస్సుతో జనమొస్తారు, కంచె మాత్రం రాదు. అందుకే కైలాసం తన మాట కడుపులో పెట్టుకుని దొర వెంట నడిచాడు.

హాలు ముందు కట్టిన గుడ్డ మీద "ఉత్తర జిల్లాల దర్శనీయ స్థలాల నిర్వాహకుల, ప్రచారకుల సదస్సు" అని రాసి ఉంది. అంత పేరు గుడ్డకు పట్టక చివరి అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. లోపల బెంచీల మీద కోటలవాళ్లు, జాతర కమిటీలవాళ్లు, పడవలు నడిపేవాళ్లు, ముసాఫిర్‌ఖానాలు చూసుకునేవాళ్లు. అందరూ ఉతికిన బట్టలు వేసుకుని పెళ్లిచూపులకు వచ్చినట్టు బిగుసుకుని ఉన్నారు. కైలాసం పక్కన సక్కుబాయి అనే ఆమె కూర్చుంది. హుస్నాబాద్ చుట్టుపక్కల జాతరలన్నిటికీ రంగులరాట్నం తీసుకుపోయే మనిషి. నోరు ఊరుకోదు.

"నా రాట్నం గూడ దర్శనీయమేనట అన్నా. ఇన్నేండ్లు నాకే తెల్వకపాయె," అని నవ్వింది. కైలాసానికి నవ్వు రాలేదు గానీ మర్యాదకు పళ్లు కనిపించేలా మూతి సాగదీశాడు.

సదస్సు నడిపించే ఆఫీసరు పేరు చయనులు. గోదావరి జిల్లా మనిషి, సన్నటి గొంతు, దానికి తోడు జలుబు. ఆయనకిది ఆ నెలలో ఎన్నో సదస్సో ఆయనకే గుర్తున్నట్టు లేదు. అయినా పాపం ఓపిగ్గా మాట్లాడాడు. మన దగ్గర ఏముందో చెప్పడం ప్రచారం కాదట, చూడకపోతే ఏదో పోగొట్టుకుంటామని అవతలివాడికి అనిపించడం ప్రచారమట. "సంతోషంగా తిరిగి వెళ్లినవాడు పదిమందిని వెంటబెట్టుకు వస్తాడండీ," అన్నాడు చయనులు. అందరూ తలలూపారు. తిరిగి వెళ్లని వాళ్ల సంగతి ఆయన చెప్పలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. కోటవాళ్ల తరఫున పర్శరాములు అనే ఆయన దీపాలు అడిగాడు. "మా కోటకు తలుపుల్లెవ్వు, సగం గోడలు లెవ్వు, గానీ దీపాలు పెడితే మస్తుగ కనిపిస్తది సార్," అన్నాడు. ఇంకొకాయన రంగులడిగాడు. సక్కుబాయి తన రాట్నానికి ఎక్కడికి పోయినా చోటియ్యాలని అడిగి, పనిలో పనిగా ఆఫీసరును జాతరకు పిలిచింది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య నల్లగుండం పేరు పిలిచారు.

కైలాసం లేచి వేదిక దాకా పోయాడు. ముందు చెప్పులు విడిచి ఎక్కాలో, వేసుకునే ఎక్కాలో తెలియలేదు. మైకు కీచుమంది. రైల్లో దొర నిద్రపోతున్నంతసేపూ అతడు తన మాటలు వరసగా పేర్చుకున్నాడు, నస్పూర్ పిల్ల ముచ్చట కూడా అందులో ఉంది. తీరా ఎదురుగా ఇన్ని నవ్వు మొహాలు కనబడేసరికి చావు మాట నోటికి రాలేదు. పెళ్లి పందిట్లో నిలబడి ఏడ్చినట్టుంటుందని సిగ్గుపడ్డాడు.

"మాది నల్లగుండం సార్. నీళ్లు మంచిగుంటయి. జనం మస్తు వస్తున్నరు. శివరాత్రికి ఇంక వస్తరు. గుండం కాడ అడ్డ లేదు. మాకు అడ్డ గావాలె. ఇనుపది, గట్టిది. జెర శివరాత్రి లోపట్నే కట్టియ్యిన్రి. గంతే సార్."

గొడ్ల దొడ్డి మూతికి పెట్టే కట్టెను కైలాసం పుట్టిన ఊళ్లో అడ్డ అంటారు. గొడ్డును అవతలికి పోనీయకుండా ఆపేది ఏదైనా వాళ్లకు అడ్డే. కంచె అని పుస్తకంలో మాట అతనికి తెలియక కాదు, భయంలో చిన్నప్పటి మాటే ముందు వచ్చేసింది.

చయనులుగారికి ఆ మాట తెలియలేదు. పక్కన కూర్చుని తీర్మానాలు రాసుకుంటున్న గుమాస్తా దేవదాస్ వైపు వంగి ఏదో అడిగాడు. దేవదాస్ కరీంనగర్ వాడే, ఉర్దూ బడిలో చదువుకున్నవాడు. అతడు చెవిలో ఏదో చెప్పాడు. వెంటనే చయనులుగారి ముఖం విప్పారింది.

"శభాష్! పొద్దుటినుంచి అందరూ దీపాలూ రంగులూ అడిగారు. ముందు కావలసింది అడిగినవారు మీరొక్కరే. దీన్ని శివరాత్రికి ముందే కట్టించే పూచీ నాది," అన్నాడు, బల్లను చేత్తో చరిచి.

హాలంతా చప్పట్లు కొట్టింది. కైలాసానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని గడపలు తొక్కాడు, కాళ్లా వేళ్లా పడ్డాడు. మంచి మనిషి ఎదురైతే ఇంత సులువా! ఎట్లా తిరిగొచ్చి బెంచీ మీద కూలబడ్డాడో అతనికే తెలియదు.

బస్సు అడగనందుకు దొర కళ్లెర్ర చేస్తాడనుకుంటే రామేశ్వర్‌రావు అతని భుజం పట్టి నొక్కాడు. "శాన తెలివిగ అడిగినవు కైలాసం. నేనడిగినా గింత మంచిగ అడుగకపోదును," అన్నాడు. ఆ చెయ్యి ఎందుకో భుజం మీదే ఉండిపోయింది. దొరను ఇన్నేళ్లూ తప్పుగా అనుకున్నానే అని కైలాసం నొచ్చుకున్నాడు.

మధ్యాహ్నం వరండాలో విస్తర్లు వేశారు. ఆరు నెలల తర్వాత కైలాసానికి పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో తెలిసింది. మారు అడిగి పెట్టించుకున్నాడు. ఈ కబురు బాలలక్ష్మికి ఎట్లా చెప్పాలో అన్నం కలుపుతూనే ఆలోచించుకున్నాడు. ఎదురు వరసలోంచి సక్కుబాయి కేకేసింది.

"అన్నా, నీ అడ్డ అయినంక నా రాట్నం గూడ గాడికే తెస్త!"

"రాట్నం గాడెందుకమ్మా?"

"గదేంది, జనం దిగేకాడ రాట్నం ఉండద్దా?"

జనం దిగకుండా ఉండడానికే కదా అనబోయి, ఆమె అన్నిటికీ పరాచికాలాడే మనిషని ఊరుకున్నాడు.

భోజనాలయ్యాక తీర్మానాలు చదివారు. సగం మంది కునికిపాట్లు పడుతున్నారు. దేవదాస్ గొంతు సవరించుకుని ఒక్కొక్కటే చదువుతూ పోయాడు. కోటకు దీపాలు, ఆలోచిస్తారు. రంగులు, పరిశీలిస్తారు. "నల్లగుండం వద్ద మోటారు బస్సుల అడ్డాను ఇనుప రేకుల కప్పుతో దృఢంగా నిర్మించాలని, శివరాత్రికి ముందే చెన్నూరు నుంచి రోజూ బస్సు నడపాలని ఈ సదస్సు ఏకగ్రీవంగా తీర్మానిస్తున్నది."

మళ్లీ చప్పట్లు. కైలాసం తప్పు విన్నాననుకుని పక్కవాళ్ల మొహాలు చూశాడు. దొర లేచి నిలబడి నలుగురికీ దండాలు పెడుతున్నాడు. బస్సుల తరఫున వచ్చిన పెద్దమనిషి కూర్చున్న చోటినుంచే చెయ్యెత్తి ఒప్పుకున్నట్టు సైగ చేశాడు. అప్పుడు తెలిసింది కైలాసానికి.

లేచి నేరుగా దేవదాస్ బల్ల దగ్గరికి పోయాడు.

"సారూ, నేనడిగింది బస్సు గాదు. అడ్డ."

"అదే రాసిన గద అన్నా. బస్సు అడ్డ."

"మా దిక్కు అడ్డ అంటే దొడ్డికి పెట్టేది. గొడ్లు బయటికి పోకుంట."

దేవదాస్ మొదట నవ్వాడు. "కరీంనగర్ల ఎవ్వర్నన్న అడుగు. బస్సు అడ్డ, టాంగా అడ్డ. అడ్డ అంటే ఇంకేముంటది?" అన్నాడు. తర్వాత కైలాసం ముఖం చూసి నవ్వు ఆపేశాడు. ఎందుకు కావాలో అడిగాడు. కైలాసం చెప్పాడు, మెట్ల సంగతి, పాచి సంగతి, చెప్పుల సంగతి. దేవదాస్ లేచి అతన్ని చయనులుగారి దగ్గరికి తీసుకుపోయాడు.

చయనులు అంతా విన్నాడు. కోప్పడలేదు. రుమాలుతో ముక్కు తుడుచుకుని, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. కైలాసం కూర్చోలేదు.

"చూడండి కైలాసంగారూ, మీతో అబద్ధం చెప్పను. కంచె నా చేతిలో లేదు. అది వేరే శాఖ. నేను రాసినా వాళ్లు పట్టించుకోరు. బస్సంటే ఇక్కడే ఉన్నారు గనక ఒప్పుకున్నారు. రానివ్వండి. జనం పెరుగుతారు. పెరిగాక, భగవంతుడు అలా చేయకూడదు గానీ, ఏదైనా జరిగితే అప్పుడు నేనే గట్టిగా రాస్తాను. అప్పుడు కదులుతారు."

"జరిగింది గద సార్. ఎన్నోసార్లు."

"అప్పుడు బస్సు లేదు కదండీ. వాళ్లంతట వాళ్లు వచ్చినవాళ్లు. మేం తెచ్చినవాళ్లకైతే జవాబు చెప్పాలి." ఆ మాట అని చయనులు తనే తల దించుకున్నాడు. "నాకు నచ్చి చెబుతున్న మాట కాదిది. పని జరిగే తీరు చెబుతున్నాను."

కైలాసానికి ఆయన్ని తిట్టాలనిపించలేదు. అలసిన మనిషి అలసిన మనిషికి ఉన్నమాట చెప్పినట్టే ఉంది. కానీ ఆ ఉన్నమాట ఎంత దుర్మార్గంగా ఉంది! శివరాత్రినాడు బస్సు నిండా మనుషులు దిగుతారు, చెప్పులు విడుస్తారు, వాళ్లలో ఎవరో పోవాలి, అప్పుడు కంచె వస్తుంది. అంటే ఇప్పుడు ఏ ఊళ్లోనో తిని తిరుగుతున్న ఎవరి పిల్లనో కంచె కోసం ఇవ్వాలి. నువ్వు ఏం కావలున్నవురా అని అడిగిన తల్లి గొంతు చెవిలో మోగింది.

దొర వైపు చూశాడు. ఆయన ఎవరో ఇచ్చిన పాన్ నోట్లో పెట్టుకుని, ఎన్నడూ లేనంత మెత్తగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఒక్కక్షణం కాళ్లు కదల్లేదు. ఊరుకుంటే అందరూ బాగుంటారు. తనకూ ఓపిక లేదు. ఇంటికి పోయి మంచం మీద వాలితే చాలనిపిస్తోంది.

అయినా మైకు దగ్గరికి పోయాడు. ఈసారి అది కీచుమన్నా బెదరలేదు.

"జెర ఆగున్రి. నేనడిగింది బస్సు అడ్డ గాదు. మనిషి నీళ్లల్ల పడకుంట పెట్టే అడ్డ. మీరందరు జనాన్ని రమ్మని పిలుస్తున్నరు. వచ్చినోళ్లను నేను నీళ్లల్లకెళ్లి తీసి బండ మీద పండవెడుతున్న. వాళ్ల చెప్పులు వాళ్ల పక్కకు పెడుతున్న. నస్పూర్కెళ్లి వచ్చిన పిల్ల చెప్పులు నా అరచేతిల పట్టినయి సార్. నాతోని గాదిగ. అడ్డ లేకుంట మాకు బస్సద్దు."

కునికిపాట్లు పడేవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సుల పెద్దమనిషి లేచి నిలబడ్డాడు.

"గీ ముచ్చట ముందే చెప్పద్దా? రేపేమన్న అయితే పేపర్లకు ఎక్కేది మేము. అన్నీ సూసుకునేదాంక గాడికి బస్సు తోలం," అన్నాడు.

చయనులు పెన్సిలు పక్కన పెట్టి, నల్లగుండం తీర్మానం వాయిదా వేస్తున్నామన్నాడు. కంచె విషయం సంబంధించినవారి దృష్టికి తెస్తామన్నాడు. ఆ బస్సు కోటకు నడుపుతారట. పర్శరాములు లేచి దండం పెట్టాడు, కానీ పాపం కైలాసం మొహం చూడలేకపోయాడు. అందరికీ సర్టిఫికెట్లు పంచి, జనగణమన పాడి సదస్సు ముగించారు.

తిరుగు దారిలో దొర ఒక్కమాట మాట్లాడలేదు. తిడితే బాగుండుననుకున్నాడు కైలాసం. వాళ్ల తాతల కాలం నుంచి తిట్టడం అలవాటైన ఇల్లు అది, నాలుగు మాటలంటే భారం దిగేది. కరీంనగర్ బస్సులో మాట్లాడలేదు, రైల్లో నిద్రపోలేదు. మంచిర్యాల ముసాఫిర్‌ఖానాలో పక్క పక్క మంచాల మీద పడుకుని లేచారు. చెన్నూరు దాటాక ఊరి దారి చీలేచోట బస్సు దింపేసి పోయింది. అక్కడినుంచి ఊరికి ఎడ్లబండే దిక్కు. రమ్మన్న బండి రాలేదు. చాలాసేపు చూసి, ఎండ ముదురుతుంటే ఇద్దరూ నడక మొదలుపెట్టారు.

దొరకు మోకాళ్ల నొప్పులు. కర్ర పోటేసుకుంటూ, ఆగుతూ నడుస్తున్నాడు. సంచీ ఇటివ్వమంటే ఇవ్వలేదు. సగం దూరంలో ఒక వాగు అడ్డం వస్తుంది. ఆ కాలంలో నీళ్లుండవు, ఒడ్డునుంచి ఒడ్డుదాకా ఇసుకే. చక్రాలు దిగబడిన గుర్తులు లోతుగా కనిపిస్తున్నాయి. వాగు మధ్యకొచ్చాక దొర ఒక రాయి మీద కూర్చున్నాడు. కాళ్లు లాగుతున్నాయేమోనని కైలాసం కూడా ఆగాడు.

"దొరా, నా మీద కోపమున్నదా?" అన్నాడు చివరికి, ఉండబట్టలేక.

"కోపమెందుకు? నువ్వు చెప్పింది అబద్ధమైతే గద." రామేశ్వర్‌రావు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నీళ్లల్ల పోయినోళ్ల ముచ్చట నువ్వు చెప్పినవు. మంచి పనే చేసినవు. మరి తొవ్వల పోయినోళ్ల ముచ్చట ఎవ్వరు చెప్పాలె?"

కైలాసానికి అర్థం కాలేదు.

"నిర్మల ఎట్ల పోయింది, నీకెరికేనా?"

నిర్మలాదేవి దొర ఒక్కగానొక్క బిడ్డ. తొలికాన్పుకు పుట్టింటికొచ్చి, రెండేళ్ల కింద చనిపోయింది. దొర ఉండే గడికి పోయి కైలాసం కూడా దూరంగా నిలబడి వచ్చాడు.

"మంచిర్యాల దవాఖానల, కాన్పుల గద దొరా," అన్నాడు. ఊరంతా అనుకునేది అదే.

"గట్లనే చెప్పుమన్న నేను. దొర బిడ్డ బండ్ల పానమిడిసిందంటే నామోషీ అనుకున్న. దవాఖాన మొఖం సూడలేదురా బిడ్డ. పొద్దుగాల్నే బండి గట్టినం. ఎడ్లు ఇసుకల దిగవడ్డయి. గుంజలే. మోటరుంటే యాళ్లకు పోదుము. కడుపుల పొల్లగాడు గూడ..." దొర కర్రకొనతో ఇసుకలో గీత గీసి, కాలితో చెరిపేశాడు.

బస్సు ముచ్చట మర్వకు, బస్సు ముచ్చట మర్వకు అని ఊరి నుంచి ఆయన ఎన్నిసార్లు అన్నాడు! పాన్ నములుతూ హాల్లో నవ్విన నవ్వు కళ్లముందుకొచ్చింది. ఆ నవ్వును అప్పుడు చూసి కూడా దాటి మైకు దగ్గరికి పోయిన కాళ్లివే.

"గా హాల్ల ఎందుకు చెప్పకపోతిరి దొరా? నాకన్న చెప్పకపోతిరి."

"నీకు గంతమంది ముందట నోరొచ్చింది కైలాసం. నాకు ఇంట్ల గూడ రాలే."

ఎండ ఇసుక మీద పడి కళ్లు మండుతున్నాయి. కైలాసం దొర పక్కన ఇసుకలోనే కూలబడ్డాడు. దొర ముందు అట్లా కూర్చోవడం పుట్టిన తర్వాత అదే మొదటిసారి. ఇద్దరిలో ఎవరికీ అది పట్టలేదు. మళ్లీ పోయి రెండూ అడుగుదామని చెప్పాలనుకున్నాడు. ఒక్కటే అడగాలంటారు, ఒక్కటీ ఇవ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కైలాసం చక్రాల గుర్తుల వైపు చూశాడు.

"ఏ జాగల దొరా?"

రామేశ్వర్‌రావు కర్ర ఎత్తలేదు, ఎటూ చూపించలేదు.

"గీడనే," అన్నాడు.